గ్రహణం వేళ ఆరు బేరింగులు

కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉన్న ఆ గదిలోకి రాగానే గొళ్ళెం తలుపు మూసి, ఒకసారి లాగి చూసి, అప్పుడు కూర్చున్నాడు. గూఢచారుల డిపార్ట్‌మెంట్‌లో అతనికి 'గొళ్ళెం' అన్న పేరు రావడానికి ఈ అలవాటే కారణం. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

చీఫ్ ఒక ఫోటోను టేబుల్ మీదుగా అతని వైపు తోశాడు.

"ఎవరో చెప్పు."

ఖాకీ చొక్కా, పసుపు హెల్మెట్, చెవి మీద పెన్సిలు. గొళ్ళెం ఫోటోను దగ్గరికి తీసుకున్నాడు.

"మా బావ."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను."

బ్రీఫింగ్ పావుగంటలో ముగిసింది. దేశం కరెంటు వాడకం ఏటికేడాది పెరిగిపోతోంది. ఇంటింటికీ ఏసీలు వచ్చాయి, బస్సులు కరెంటుతో నడుస్తున్నాయి, కొత్తగా లేచిన ఒక్కో డేటా సెంటరూ ఒక చిన్న పట్నమంత కరెంటు తాగేస్తోంది. ఇంత అవసరానికీ ప్రభుత్వం నమ్ముకున్నవి రెండే: పగటి ఎండ, ఎండ తగ్గినప్పుడు ఆదుకునే జలవిద్యుత్తు. ఆ రెండో పనిలో పెద్ద చెయ్యి కొండ కింద సొరంగంలో ఉన్న ఆరు యూనిట్ల పవర్‌హౌస్‌ది. గొళ్ళెం బావ అక్కడ షిఫ్ట్ ఇన్‌చార్జి.

ఈ ఏర్పాటు గిట్టనిది ఒక విదేశీ ముఠా. ఓడల మీద గ్యాస్ ప్లాంట్లు తెచ్చి రేవుల్లో నిలిపి, చీకట్లో ఉన్న దేశాల చేత ముప్ఫై ఏళ్ళ కాంట్రాక్టుల మీద సంతకాలు పెట్టించడం దాని వ్యాపారం. వెలుతురున్న దేశం దానికి అక్కరకు రాదు. ఓడల గ్యాసా, ఎండా నీళ్ళా అన్నది వచ్చే వారం మంత్రివర్గం తేల్చబోతోంది. ఈలోగా శనివారం సూర్యగ్రహణం. మధ్యాహ్నం రెండు నలభై ఏడుకు సూర్యుడు నూటికి తొంభై పాళ్ళు మూసుకుపోతాడు. గంటంబావులో తొమ్మిది వేల మెగావాట్ల సోలార్ జారిపోతుంది. సరిగ్గా ఆ నిమిషాన ఆ ఆరు యూనిట్లూ ఆగిపోతే గ్రిడ్డు మొత్తం కుప్పకూలుతుంది. ఆసుపత్రులు, రైళ్ళు, మంచినీళ్ళ పంపులు, అన్నీ. మళ్ళీ నిలబెట్టడానికి రెండు రోజులు.

"లోపలి మనిషి ఒకడున్నాడని మిణుగురు రిపోర్టు ఇచ్చింది," అన్నాడు చీఫ్.

మిణుగురు ముఠాలో డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న మనిషి. పైకి మాత్రం పవర్‌హౌస్‌లో కొత్త కంట్రోల్ ప్యానెల్ బిగించిన కంపెనీ కన్సల్టెంటు. గొళ్ళెం ఆమెను చూడలేదు గానీ ఆమె తెచ్చిన సమాచారం ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదని విన్నాడు.

చీఫ్ రికార్డరు నొక్కాడు. బావ గొంతు. తొందరా తొట్రుపాటూ లేని ఆ గొంతే గొళ్ళేనికి ఒకప్పుడు ఎక్కాలు నేర్పింది.

"అరవై ఒకటి. అరవై మూడు. అరవై. అరవై నాలుగు. అరవై రెండు. అరవై ఒకటి."

అవతల కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత ఎవరో ముసలి గొంతుతో, "మంచిది." లైన్ కట్.

"రోజూ మధ్యాహ్నం పన్నెండుకు పవర్‌హౌస్ ల్యాండ్‌లైన్ నుంచి ఈ కాల్ వెళుతోంది. కోడ్ మావాళ్ళకు అంతుపట్టలేదు. అవతలి ఫోను ఒకావిడ పేరు మీద ఉంది. ఆవిడ చనిపోయి తొమ్మిదేళ్ళు."

గొళ్ళెం నోరు తెరవబోయాడు. చీఫ్ చెయ్యెత్తి ఆపాడు.

"అతను అలాంటివాడు కాదని ఇప్పుడు చెప్పకు. శనివారం చెప్పు. రెండు గంటలకు స్క్వాడ్ వెళ్ళి అరెస్టు చేస్తుంది. ఆలోగా రుజువు తెస్తే ఆపుతాను. నీ మాట నమ్ముతానని నీకు తెలుసు. కానీ మాట చాలదు."

నాన్న పోయినప్పుడు గొళ్ళేనికి పదకొండేళ్ళు. అక్కను చేసుకున్న బావ అక్కతో పాటు అతన్నీ ఇంట్లో పెట్టుకున్నాడు. సైకిలు నేర్పాడు, గడ్డం గీసుకోవడం నేర్పాడు. గొళ్ళెం ఏదో పంపుల కంపెనీలో సేల్స్ చూస్తున్నాడని ఆయన నమ్మకం. పండుగకూ పబ్బానికీ అబద్ధం చెప్పడం ఒక ఎత్తు. ఇప్పుడు ఆయన మీదే నిఘా పెట్టడం ఇంకో ఎత్తు.

*

మర్నాడు ఉదయం ఒక ఫైర్ ఇన్‌స్పెక్టరు పవర్‌హౌస్ గేటు దగ్గర సంతకం పెట్టి లోపలికి వెళ్ళాడు. నెరిసిన మీసం, ముందుకు పొడుచుకొచ్చిన పళ్ళ సెట్టు, నడుముకు కట్టిన గుడ్డల బొజ్జ. టార్చిలో కెమెరా, గుండీలో మైకు, చెవిలో శనగగింజంత రేడియో. సొరంగం దాటితే రేడియో పనిచేయదని ముందే చెప్పారు. కొండ అంత మందం.

అర కిలోమీటరు సొరంగం చివర, గుడి మండపమంత ఎత్తున ఒక హాలు. నేలలో సగం మునిగిన ఆరు యంత్రాలు. అడుగు పెట్టగానే అరికాళ్ళ నుంచి పళ్ళ దాకా ఒక వణుకు పాకింది. బావ ఎదురుగా వచ్చి, ఇన్‌స్పెక్టరు కాగితాలు చూసి, అతని ముఖం వైపు రెండు క్షణాలు చూసి, సిలిండర్లు ఎక్కడెక్కడున్నాయో చూపించమని అసిస్టెంటుకు చెప్పి వెళ్ళిపోయాడు. గొళ్ళెం ఊపిరి పీల్చుకున్నాడు.

రెండు రోజులూ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాడు. బావ చేసిన వింత పని ఒక్కటే. గంటకోసారి కింది గ్యాలరీలోకి దిగి, ఆరు యంత్రాల బేరింగుల మీదా వరసగా అరచెయ్యి ఆనించేవాడు, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. కొత్త ప్యానెల్లో వేడి ఎంతో అంకెల్లో కనబడుతూనే ఉంది. అయినా దిగేవాడు. క్యాంటీన్‌లో మాత్రం గొళ్ళేనికి ఒక సంగతి అర్థం కాలేదు. వడ్డించే మనిషి అడక్కుండానే అతని పళ్ళెంలో రెండోసారి వేస్తున్నాడు. తన బొజ్జ చూసి తిండిపోతు అనుకున్నాడేమోనని సర్దుకున్నాడు.

మిణుగురు శుక్రవారం కనబడింది. తెల్ల చొక్కా, చెవులకు ముత్యాలు. హాలంతా నిండిన ఆయిల్ వాసనను ఆమె సెంటు వాసన పక్కకు నెట్టేసింది. నడుస్తూ నడుస్తూ అతని పక్కన ఆగింది.

"ఈ సిలిండర్లు వానాకాలంలో కూడా పనిచేస్తాయా?" ఆమెను గుర్తుపట్టడానికి చీఫ్ చెప్పిన మాట అది.

"గొడుగు పడితే చేస్తాయి," అన్నాడు.

ఆమె పెదవులు కదిలీ కదలనట్టు మాట్లాడింది. అంకెలు రోజురోజుకీ మారుతున్నాయంది. ఆ ఫోను ఉన్న ఇంటికి తాను స్వయంగా వెళ్ళి చూశానంది.

"ఖాళీ ఇల్లు. తాళం వేసి ఉంది. టైం వేస్ట్ చేసుకోకు. ఇక్కడే ఉండు."

*

శనివారం పన్నెండుకు గొళ్ళెం సొరంగం బయట, ఫోను లైనుకు దొంగ వైరు తగిలించిన చోట కూర్చుని విన్నాడు. బావ ఆరు అంకెలూ చదివాడు. ఆ తర్వాత ఇంతవరకూ ఏ టేపులోనూ లేని వాక్యం ఒకటి అన్నాడు.

"అంకెలు ఇవే. నా చెయ్యి మాత్రం ఇంకోటి చెబుతోంది."

అవతల ఊపిరి చప్పుడు. 'మంచిది' అన్న మాట రాలేదు. లైన్ తెగింది.

వెంటనే మిణుగురు గొంతు రేడియోలో, అదే సిగ్నల్ అని, రెండు గంటలకు ఇక ఆలోచించవద్దని చీఫ్‌తో చెబుతోంది. గొళ్ళెం మనసులో మాత్రం ఒక మూల ఏదో గుచ్చుకుంది. ముసలి గొంతు ఇప్పుడే ఊపిరి పీల్చింది. తాళం వేసిన ఖాళీ ఇంట్లో ఊపిరి ఎవరిది?

మోటారు సైకిలు మీద ఆ చిరునామాకు గంట పట్టింది. ఇరుకు సందులో వరస ఇళ్ళలో ఒకటి. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మంచం కాలి నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి పెరటికి నడుమెత్తున ఒక తాడు కట్టి ఉంది. కుర్చీలో ఒక పెద్దాయన, చూపు లేని కళ్ళను తలుపు వైపు తిప్పాడు.

"బూట్లకు టర్బైన్ ఆయిల్ వాసన వేస్తోంది. నువ్వు స్టేషన్ మనిషివి. మావాడు పంపాడా?"

మాటల్లో అంతా బయటపడింది. ఆయన అదే పవర్‌హౌస్‌లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన షిఫ్ట్ ఇన్‌చార్జి. బావకు పని నేర్పింది ఆయనే. చూపు పోయాక ఆయనకు పొద్దు గడవడం లేదని తెలిసి, బావ రోజూ పన్నెండుకు ఫోన్ చేసి ఆరు బేరింగుల వేడి చదివి వినిపిస్తాడు. అంతే. ఏడేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు.

ఫోను సంగతి అడిగితే పెద్దాయన కొంచెం సిగ్గుపడ్డాడు. "పేరు మార్పించమని అందరూ అన్నారు. మార్పిస్తే బిల్లు నా పేరున వస్తుంది. ఇప్పుడైతే నెలకోసారి పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి మా ఆవిడ పేరు పిలుస్తాడు."

గొళ్ళెం తల దించుకున్నాడు. టైం ఒకటీ ఇరవై.

"అయితే నువ్వు వచ్చింది మంచిదైంది," అన్నాడు పెద్దాయన గొంతు మార్చి. "ఇవాళ వాడు చదివిన ఆరూ ఇంతకు ముందే విన్నాను. పోయిన వారం మంగళవారం మధ్యాహ్నం పన్నెండుకు. ఆరుకు ఆరూ. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క రోజులా ఇంకో రోజు లేదు బాబూ. ఇవాళ లోడు పెంచుతున్నారు, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, వేడి పెరగాలి కదా? ఆ కొత్త ప్యానెల్ డబ్బా మీకు పాత రోజు బొమ్మ చూపిస్తోంది. వాడి చెయ్యి నిజం చెబుతోంది. వాడికి ఫోన్ చేద్దామని చూస్తే పన్నెండుంబావు నుంచీ లైన్ డెడ్."

గొళ్ళేనికి లెక్క మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందు పరుచుకుంది. ఆ డబ్బాను బిగించిన కంపెనీ మనిషీ, ఈ ఇల్లు ఖాళీ అన్నదీ మిణుగురే. బేరింగులకు చల్లటి నీళ్ళు తగ్గించేస్తే అవి నెమ్మదిగా కాగుతాయి. గ్రహణం వేళ పూర్తి లోడు పడేసరికి ఎనభై అయిదు డిగ్రీలు దాటి ఆరు యూనిట్లూ వాటంతటవే ఆగిపోతాయి. విధ్వంసమని ఎవరూ అనరు. ముసలి యంత్రాలు, ఎండను నమ్ముకుంటే ఇంతే, అంటారు. దీన్ని ముందే పసిగట్టగలిగింది ఒక్కటే: బావ అరచెయ్యి. ఆ చేతికి రెండు గంటలకు బేడీలు వేయబోతున్నది తమ డిపార్ట్‌మెంటే.

ముఠా చేయాల్సిన పని తామే చేసిపెడుతున్నారు.

చీఫ్ రేడియోలో అంతా విన్నాడు.

"స్క్వాడ్ సొరంగంలోకి వెళ్ళిపోయింది. వాళ్ళకు నా మాట అందదు, గేటు ఫోనూ పలకడం లేదు. పరిగెత్తు."

*

దారిలో వెలుతురు పాలిపోవడం మొదలైంది. మధ్యాహ్నపు ఎండ బూడిద రంగుకు తిరిగింది. చెట్ల నీడల్లో ఎండ చుక్కలన్నీ నెలవంకల్లా వంకర తిరిగాయి. గొళ్ళెం వాటి మీదుగా బండిని ఎగరనిచ్చాడు.

రెండు ఇరవై అయిదుకు కంట్రోల్ రూంలో అడుగు పెట్టాడు. బావ రెండు చేతులకూ బేడీలు. పక్కన స్క్వాడ్ ఆఫీసరు, గుబురు మీసాలాయన. ప్యానెల్ దగ్గర ముత్యాల చెవులతో మిణుగురు. గొళ్ళెం మీసం పీకి, పళ్ళు ఉమ్మి, ఐడీ కార్డు చూపించాడు.

బావ ఏమీ ఆశ్చర్యపోలేదు. "తీసేశావా? మంచిపని చేశావు. నిన్నటి నుంచీ ఎడమ పక్క ఊడుతోంది."

గొళ్ళెం చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. గుడ్డి ముసలివాడి జ్ఞాపకం కోసం అరెస్టు ఆపుతారా అని మిణుగురు నవ్వింది. మీసాలాయన చేతిలో రాతపూర్వకమైన ఆర్డరు ఉంది. ఆయన దాన్ని చూశాడు, గొళ్ళేన్ని చూశాడు.

"రుజువు?"

"పోయిన వారం మంగళవారం లాగ్‌బుక్ తెప్పించండి. అర్ధగంటకోసారి చేత్తో రాస్తారు. రెండున్నర దగ్గర తెరిచి పట్టుకోండి. ఇప్పుడు రెండు ఇరవై ఎనిమిది. రెండే నిమిషాలు."

అసిస్టెంటు పుస్తకం తెచ్చాడు. పెన్సిలుతో రాసిన ఆరు అంకెల మీద మీసాలాయన బొటనవేలు ఆనించాడు. గడియారం ముల్లు రెండున్నర దాటింది. ప్యానెల్లో అంకెలు మారాయి.

ఆయన పైకి చదివాడు. "అరవై రెండు. అరవై నాలుగు. అరవై ఒకటి. అరవై అయిదు." గొంతు తగ్గింది. "అరవై మూడు. అరవై రెండు."

పుస్తకంలో ఏమున్నాయో ఎవరూ అడగలేదు. ఆయన ముఖమే చెప్పింది. తలెత్తి చూసేసరికి ప్యానెల్ దగ్గర మిణుగురు లేదు. సెంటు వాసన మాత్రం మిగిలింది.

"ప్యానెల్‌తో పని లేకుండా చల్లటి నీళ్ళు వదిలే బైపాస్ చక్రాలు కింద ఉన్నాయి," అన్నాడు బావ. "ఆరింటినీ చేత్తో తిప్పాలి. బేడీలు తియ్యండి."

"ఆర్డరు రద్దయ్యే దాకా తియ్యను. నా ఉద్యోగం అది," అని మీసాలాయన ఒక్క క్షణం ఆలోచించి, బావ కుడి చేతి కడియాన్ని విప్పి గొళ్ళెం కుడి చేతికి తగిలించాడు. "ఇప్పుడు ఇద్దరూ నా ఖైదీలే. పరిగెత్తండి."

బావా బావమరుదులు ఒకే బేడీకి కట్టుబడి ఇనుప మెట్లు దిగారు. ఒకడు రెండేసి మెట్లు దూకితే ఇంకొకడు ఒక్కొక్కటే దిగుతున్నాడు.

"నన్ను ఎప్పుడు గుర్తుపట్టావు బావా?"

"గేటు దగ్గరే. నీ నడక నాకు తెలియదా? పంపుల కంపెనీవాళ్ళు తీసేశారేమో, ముఖం చెల్లక వేషం వేసుకుని ఈ పనికి వచ్చావేమో అనుకున్నాను. క్యాంటీన్‌లో చెప్పాను, అడక్కుండానే వడ్డించమని."

"అక్కకు చెప్పావా?"

"చెబితే ఏడ్చి పరుగున వచ్చేది. ముందు మెట్లు చూసుకుని దిగు."

గ్యాలరీలో మోత చెవులు పగలగొడుతోంది. మొదటి బేరింగు మీద చెయ్యి పెట్టిన బావ వెంటనే వెనక్కి లాక్కున్నాడు. చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ కలిసి నాలుగు చేతులతో బలంగా తిప్పారు. గొట్టంలో నీళ్ళు జరజరమన్నాయి. రెండోది. మూడోది. ఆ చివర ఆరో యూనిట్ ఒక్కసారి దగ్గినట్టు కదిలి ఆగిపోయింది. పైన అద్దాల గదిలోంచి అసిస్టెంటు తెల్ల కాగితం మీద పెద్ద అంకెలు రాసి చూపిస్తున్నాడు: 49.6. గ్రిడ్డు నాడి అది, సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటోందో. యాభై ఉండాలి. నలభై తొమ్మిది కిందికి జారితే ఊళ్ళకు ఊళ్ళు తెగిపోవడం మొదలవుతుంది.

రెండు నలభై రెండు. నాలుగో చక్రం సగం తిరిగింది. అప్పుడు గొళ్ళెం స్తంభం చాటున తెల్ల చొక్కా చూశాడు. మిణుగురు చేతిలో సైలెన్సర్ బిగించిన చిన్న పిస్టల్. ఆమె ఏదో అంటోంది. ఆగమనేమో. ఆ మోతలో పెదవులు కదలడం తప్ప ఏమీ వినబడలేదు. బావ ఆమెకు వీపు తిప్పి చక్రంతో కుస్తీ పడుతున్నాడు.

గొళ్ళెం తుపాకి కుడి నడుముకు ఉంది. కుడి చెయ్యి బావకు కట్టి ఉంది.

ఆమె వేలు బిగుసుకోవడం చూసి, అతను తన బరువంతా వేసి బేడీని లాగాడు. ఇద్దరూ నేల మీద పడ్డారు. బావ తల ఉన్న చోట గొట్టం మీద నిప్పురవ్వ ఎగిరింది. రెండో గుండు పేలేలోపు మెట్ల మీద నుంచి మీసాలాయన దూకి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముత్యం ఒకటి ఊడి గ్రిల్లు సందులోంచి కిందికి జారిపోయింది.

బావ లేచి చొక్కా దులుపుకున్నాడు. ఆయన అసలేమీ చూడలేదు.

"అలా లాగితే ఎలారా? సగంలో ఉన్న చక్రం వదిలేశాను."

నాలుగోది పూర్తిగా తిరిగింది. అయిదో దాని దగ్గరికి పరిగెత్తేలోపే అది కూడా దగ్గి చల్లబడింది. రెండు నలభై ఆరు. పైన కాగితం మీద 49.2. చెరిపి మళ్ళీ: 49.1. బావ గొళ్ళేన్ని లాక్కుని యంత్రాల వేగాన్ని అదుపు చేసే గవర్నరు పెట్టె దగ్గరికి వెళ్ళాడు, ఆటో నుంచి చేత్తో నడిపే పద్ధతికి మార్చాడు, నాలుగు యూనిట్ల నీటి తలుపులనూ ఎర్ర గీత దాటించి తెరిచాడు. వాటి సామర్థ్యం మీద నూటికి పది ఎక్కువ. నేల అదిరింది. దీపాలు ఎర్రబడ్డాయి.

49.03.

బావ కళ్ళు మూసుకుని అరచెయ్యి నాలుగో బేరింగు మీద ఆనించాడు. బేడీ వల్ల గొళ్ళెం చెయ్యి కూడా దాని మీదే పడింది. కాలుతోంది. ఇద్దరిలో ఎవరూ తీయలేదు.

"నిలబడుతుందా బావా?"

"అడక్కు. విను."

ఆ వేడి, వేలెడు నీళ్ళ చలువకు, ఉండీ లేనట్టుగా ఒక మెట్టు దిగింది. గొళ్ళెం ఆ తగ్గుదలను తన చర్మంతోనే తెలుసుకున్నాడు. పైన అసిస్టెంటు కాగితం మీద రాయడం మానేసి రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. అరవడం కనబడుతోంది. 49.1. 49.3. సొరంగం బయట, ఎవరికీ కనబడని ఆకాశంలో, సూర్యుడు మళ్ళీ మెల్లగా విచ్చుకోవడం మొదలుపెట్టాడు.

*

మిణుగురు రెండు వైపులా పనిచేయడం లేదని, మొదటి నుంచీ ఒకే వైపు పనిచేసిందని విచారణలో తేలింది. ఇన్నాళ్ళూ ఆమె తెచ్చిన సమాచారం ఎందుకు తప్పలేదో అప్పుడు చీఫ్‌కు అర్థమైంది: ఆ చిన్న చేపలన్నింటినీ ముఠాయే ఆమె చేత పట్టించింది. ఓడలు రేవు దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. బావ ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, బొబ్బలెక్కిన అరచేతికి అక్క చేత మందు రాయించుకుని, యంత్రం దగ్గర చిన్న పొరపాటు జరిగిందని చెప్పాడు. వెనకే వచ్చిన తమ్ముడి చేతికీ అలాంటి బొబ్బలే ఎందుకున్నాయని అక్క అడిగితే, పంపుల కంపెనీలో కూడా యంత్రాలుంటాయిగా అన్నది బావే.

మొత్తం దేశంలో ఆ మధ్యాహ్నం కరెంటు గురించి నమోదైన ఫిర్యాదు ఒక్కటే. రెండు నలభై ఏడు ప్రాంతంలో తన సీలింగ్ ఫ్యాను కాసేపు మామూలుకంటే నెమ్మదిగా తిరిగిందని, నిద్ర చెడిందని ఒక పెద్దమనిషి రాశాడు. ఇకముందు ఇలాంటి అలసత్వం జరగకుండా సిబ్బందిని గట్టిగా మందలిస్తామని అతనికి జవాబు వెళ్ళింది.